ప్రతిబింబ కేంద్రములు – తోటివారి పంపకము: సాఫ్ట్‌వేరు దిగుమతిలో రెండు మార్గముల సంగమము

ఉపోద్ఘాతము

ఒక గ్రంథము పుట్టినచోటి నుండి చదువరి చేతికి చెడకుండ, త్వరగా చేరుట యెట్లన్న ప్రశ్న మిక్కిలి పాతది. తాళపత్రముల కాలమున లేఖకుడు ఒక ప్రతిని చూచి మరియొక ప్రతిని వ్రాసెడివాడు. వ్రాయుచు ఒక్క అక్షరము జారవిడిచినచో ఆ లోపము తరువాతి ప్రతులన్నిటికిని సంక్రమించెడిది. సి.పి. బ్రౌను వేమన పద్యములను పరిష్కరింపబూనినపుడు ఒక్క ప్రతిని నమ్మి ఊరకుండలేదు. పలు ప్రతులను తెప్పించి, పండితుల సాయముతో పోల్చి చూచి, 1829లో ఆంగ్లానువాదముతో అచ్చువేయించెను. ప్రతులు పలుచోట్ల నుండుట ఒక బలము. వానిని సరిచూచుకొనుట మరియొక బలము. ఈ రెండు బలములును నేటి కంప్యూటరు యుగమున ఎట్లు కలిసి పనిచేయుచున్నవో విద్యార్థులకు తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

తెలుగు చెప్పుకొనువానికి ఈ గొడవ యెందుకని కొందరు అడుగవచ్చును. దానికొక కారణమున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట మా కళాశాల వార్షిక సంచికకు వ్యాసములను టైపు చేయించు పని నాకు అప్పగింపబడినది. ప్రయోగశాలలో ముప్పది పాత కంప్యూటర్లున్నవి. ఉర్దూ, తెలుగు లిపులు రెండింటిని చక్కగా చూపగల లినక్సు వ్యవస్థను వానిలో నెలకొల్పవలెనని నిశ్చయించితిమి. దాని ఫైలు సుమారు 4 గిగాబైట్లు. మొదటి రాత్రి దిగుమతి సగము దాటినంతనే కరెంటు పోయినది. రెండవ రాత్రి సర్వరే మొరాయించినది. మూడవ నాటికి ఫైలు పూర్తిగా దిగినట్లే కనిపించినది. కాని ఎక్కించబోగా నడుమ ఆగిపోయెను. యంత్రము పాతదనుకొని రెండు యంత్రములు మార్చి చూచితిమి. ఫలితము లేదు. అప్పుడు బి.యస్సీ. రెండవ సంవత్సరపు విద్యార్థిని యొకతె, "సార్, అసలు ఫైలు సరిగ్గా దిగిందో లేదో మనం చూశామా?" అని అడిగెను. మేము చూడలేదు. చూచుట యెట్లో కూడ మాకు తెలియదు. అచ్చు గడువు మీరిపోయినందున ఆ యేటి సంచికలో పదునొకండు మంది విద్యార్థుల రచనలు చోటుచేసికొనలేదు. ఆ పిల్లల ముఖములు నాకిప్పటికిని గుర్తున్నవి. అప్పటినుండి ఈ విషయమును శ్రద్ధగా చదువుకొంటిని. చదివినదానిని మీ ముందుంచుచున్నాను.

1. ఒకే వాకిలి, వేయిమంది అతిథులు

కంప్యూటర్ల నడుమ ఫైళ్లను పంపు పద్ధతిని తొలుత ఒక ప్రమాణముగా వ్రాసినవాడు భారతీయుడగుట మనకు గర్వకారణము. కాన్పూరు ఐ.ఐ.టి. తొలి తరము విద్యార్థులలో ఒకడైన అభయ్ భూషణ్ 1971లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో నుండగా ఎఫ్.టి.పి. అను నియమావళిని రచించెను. ఒక సర్వరు, దానిని కోరివచ్చిన ఒక కంప్యూటరు, ఆ రెండింటి మధ్య ఒక ఫైలు; ఇంతియే ఆ ఏర్పాటు. ఇప్పటికిని సామాన్యముగా మనము చేయు దిగుమతి ఈ రూపముననే జరుగుచున్నది.

ఇందలి చిక్కు గ్రహించుటకు చిన్న లెక్క చాలును. ఒక సర్వరు సెకనుకు 1000 మెగాబిట్లు పంపగలదనుకొందము. ఒకే సమయమున వేయిమంది అడిగినచో తలకొక మెగాబిటు వంతు వచ్చును. 4 గిగాబైట్లనగా 32,000 మెగాబిట్లు. అనగా ప్రతివానికిని 32,000 సెకనులు, దాదాపు తొమ్మిది గంటలు పట్టును. పెండ్లివారి యింట వడ్డించువాడు ఒక్కడే యైనచో వంటలెన్ని యున్నను పంక్తి కదలదు. పైగా ఆ సర్వరు ఆగినచో అందరికిని ఆగిపోవును. ఆలస్యమును, ఆధారపడదగనితనమును అను రెండు దోషములకును మూలము ఒక్కటే: వాకిలి ఒక్కటి యగుట.

2. ప్రతిబింబ కేంద్రములు

ఈ దోషమునకు మొదటి విరుగుడు ప్రతిబింబ కేంద్రములు. వీనినే మిర్రర్లని వ్యవహరించుదురు. మూల సర్వరులోని ఫైళ్లకు యథాతథముగా నకళ్లు తీసి, వేరువేరు దేశములలో, వేరువేరు సంస్థలలో ఉంచుటయే ఈ పద్ధతి. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును వెలువరించిన పిదపను, 1993లో డెబియన్ ప్రణాళిక ఆరంభమైన పిదపను, ఉచితముగా పంచు సాఫ్ట్‌వేరునకు ఇట్టి కేంద్రములే ప్రాణాధారములైనవి. విశ్వవిద్యాలయములు తమ సర్వరులలో కొంత చోటును, తమ లైనులో కొంత వేగమును దానముగా ఇచ్చినవి. మన దేశమున మద్రాసు, కాన్పూరు ఐ.ఐ.టి.లు ఇట్టి కేంద్రములను నెలకొల్పినవి. దగ్గరి కేంద్రమునుండి తెచ్చుకొనుట త్వరగా జరుగును. సముద్రాంతర తంతులపై భారము కూడ తగ్గును.

ఒకే ఫైలును ఒకేమారు పలు కేంద్రములనుండి తెచ్చుకొనవచ్చునా? తెచ్చుకొనవచ్చును. 1997లో వెలువడిన హెచ్.టి.టి.పి. 1.1 నియమావళిలో "ఈ బైటు మొదలు ఆ బైటు వరకు మాత్రమే పంపుము" అని అడుగుటకు వీలు కల్పింపబడినది. దీని వలన రెండు లాభములు. నడుమ తెగిన దిగుమతిని తెగినచోటినుండియే కొనసాగించుకొనవచ్చును. ఒక కేంద్రమును మొదటి భాగము, మరియొకదానిని రెండవ భాగము అడుగవచ్చును. మా ప్రయోగశాలలో కరెంటు పోయిన రాత్రి ఈ సంగతి తెలిసియున్నచో మొదటినుండి ఆరంభింపవలసిన పని యుండెడిది కాదు.

అయినను ఈ కేంద్రములకును లోపములున్నవి. మూలములో మార్పు జరిగిన తరువాత నకళ్లు కొన్ని గంటలో, ఒక్కొక్కప్పుడు దినములో వెనుకబడియుండును. కొన్ని కేంద్రములు చెప్పకయే మూతపడును. క్రొత్త సంచిక వెలువడిన దినమున అన్నిటిమీదను ఒక్కసారి రద్దీ పడును. అన్నిటికంటె ముఖ్యమైనది, నకలుంచినవాడు నమ్మదగినవాడా కాదా యన్న సందేహము.

3. తోటివారి పంపకము

రెండవ విరుగుడు తోటివారి పంపకము. దీనిని పీర్-టు-పీర్ పద్ధతి యందురు. ఇందు తీసికొనువాడే ఇచ్చువాడు కూడ నగును. 1999లో వెలువడిన నాప్‌స్టర్ ఈ మార్గమును లోకమునకు పరిచయము చేసినది కాని, అనుమతి లేని సంగీతపు పంపిణీ కారణముగా న్యాయస్థానము కెక్కి 2001లో మూతపడెను. ఆ యేడే బ్రామ్ కోహెన్ అను యువకుడు బిట్‌టొరెంట్‌ను రూపొందించెను. పెద్ద ఫైళ్లను పంచుటకు ఇంతకంటె నేర్పుగల పద్ధతి అంతకుముందు లేదనవచ్చును.

దీని నడక యిట్టిది. ఫైలును సమానమైన తునకలుగా కోయుదురు. ప్రతి తునకకును ఒక సంకేత ముద్రను గణించి, ఆ ముద్రలన్నిటిని టొరెంట్ అను చిన్న ఫైలులో వ్రాసిపెట్టుదురు. సంకేత ముద్ర యనగా హ్యాష్. ఫైలులోని సమస్త అక్షరములను ఒక గణితసూత్రముచేత నలిపి తీసిన చిన్న సంఖ్య యది. ఒక్క బిట్టు మారినను ముద్ర పూర్తిగా మారిపోవును. టొరెంట్ ఫైలును పొందినవాడు గుంపులో చేరి, ఒకరినుండి ఐదవ తునకను, మరొకరినుండి తొమ్మిది వందల తునకను తెచ్చుకొనుచు, తనకు వచ్చినవానిని అడిగినవారికి ఇచ్చుచుండును. గుంపులో తక్కువమంది వద్దనున్న తునకను ముందుగా తెచ్చుకొనుట ఇందలి మెలకువ. అందుచేత అరుదైన తునక త్వరలో పలువురి వద్దకు చేరి, గుంపులో ఒకరు వెడలిపోయినను ఫైలు అసంపూర్ణము కాకుండును. ఇచ్చువానికే యిచ్చుట రెండవ మెలకువ. తనకు తునకలు పంపుచున్నవారికి ప్రతి కంప్యూటరును ముందుగా పంపును. ఏమియు ఇయ్యని వానికి వాటా తగ్గును. పల్లెలో బదులు పనులవారి నీతియే యిది: నేడు నీ చేనికి నేను, రేపు నా చేనికి నీవు.

ఈ పద్ధతిలో వచ్చువారు పెరిగినకొలది ఇచ్చువారును పెరుగుదురు. సర్వరునకు భారమైన రద్దీయే ఇక్కడ బలము. కాని గుంపు పలుచబడినచో ఈ బలము హరించిపోవును. మూడేండ్ల క్రిందటి సంచికను నేడు కోరువాడు గుంపులో ఒంటరిగా నిలువవలసివచ్చును. ఏదేని యొక తునక గుంపులో ఒక్కరి వద్దనైనను లేనిచో తొంబదితొమ్మిది వంతులు దిగి, చివరి వంతుకై నెలలు కాచుకొన్నను ప్రయోజనముండదు. కొన్ని కళాశాలలలోను, కార్యాలయములలోను భద్రతా కారణముల వలన ఈ మార్గము అసలే మూయబడి యుండును. గుంపులోని ప్రతివానికిని తక్కినవారి కంప్యూటరు చిరునామా కనబడుట మరియొక లోపము.

4. ఒకదాని లోపము మరియొకదాని బలము

పై రెండు పద్ధతులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక చక్కని సంగతి బోధపడును. మంది యెక్కువైనపుడు ప్రతిబింబ కేంద్రము అలసిపోవును. అప్పుడే తోటివారి గుంపు బలపడును. మంది తగ్గినపుడు గుంపు కరిగిపోవును. అప్పుడు కేంద్రము తీరికగా ఉండి వేగముగా ఇచ్చును. గుంపునకు ద్వారము మూసిన కళాశాలలో కూడ సామాన్య వెబ్ మార్గము తెరిచియేయుండును. కేంద్రములనుండి వచ్చిన భాగములు సరియైనవో కావో తేల్చు తునకల ముద్రలు గుంపు పద్ధతిలో ముందే సిద్ధముగా నున్నవి. ఇట్లు పరస్పర పూరకములైన రెండింటిని విడివిడిగా వాడుట కంటె కలిపి వాడుట ఉచితమని ఎవరికైనను తోచును.

ఈ కలయిక రెండు దిక్కులనుండి జరిగినది. టొరెంట్ పక్షమువారు తమ ఫైలులోనే కేంద్రముల వెబ్ చిరునామాలను చేర్చిరి. దీనికి వెబ్ సీడ్ అని పేరు. గుంపులో ఎవరివద్దను లేని తునకను కంప్యూటరు తానై కేంద్రమునుండి తెచ్చుకొనును. అటు కేంద్రముల పక్షమువారు మెటాలింక్ అను ఏర్పాటును కల్పించిరి. ఇది విశేషముగా తెలిసికొనదగినది.

5. మెటాలింక్

మెటాలింక్ అనునది 2005 ప్రాంతమున ఆరంభమై, 2010లో ఆర్.ఎఫ్.సి. 5854 అను పత్రముగా ఇంటర్నెట్ ప్రమాణముల వరుసలో చేరినది. దీనిని సాఫ్ట్‌వేరు అనుకొనరాదు. ఇది ఎక్స్.ఎం.ఎల్. రూపమున వ్రాయబడిన ఒక చిన్న పట్టిక. ఆ పట్టికలో ఉండదగినవి యివి: ఫైలు పేరు, దాని పరిమాణము, మొత్తము ఫైలుయొక్క ముద్ర, తునక తునకకు వేరువేరు ముద్రలు, అది దొరకు కేంద్రముల చిరునామాలు, ఒక్కొక్క కేంద్రమున్న దేశము, ఏది ముందు ఏది వెనుక అను ప్రాధాన్యము, తోటివారి గుంపులో చేరుటకు టొరెంట్ చిరునామా, ప్రకటించినవారి డిజిటల్ సంతకము. పెండ్లి పిలుపులో ఊరు, వీధి, దారి గుర్తులు, చేరవలసిన వేళ అన్నియు ఉన్నట్లు, ఫైలును చేరుటకు కావలసిన ఆనవాళ్లన్నియు ఈ పట్టికలో నుండును.

ఈ పట్టికను చదువగల సాధనము పలు కేంద్రములను, తోటివారిని ఒకేమారు ఆశ్రయించి పని నడపును. తత్సుహిరో సుజికావా అను జపాను దేశీయుడు రచించిన ఆరియా2 అను ఉచిత సాధనము ఈ విధముగా కేంద్రములనుండియు, గుంపునుండియు ఒకే ఫైలును కలిపి తేగలదు. మెటాలింక్ ప్రమాణ పత్రమును వ్రాసినవారిలో అతడును ఒకడు. ఓపెన్ ఆఫీస్ వంటి పెద్ద ప్రణాళికలు తమ ఫైళ్లకు మెటాలింక్ పట్టికలను అందించినవి. ఫెడోరా లినక్సు తన ప్యాకేజీల కేంద్రములను ఎంచుకొనుటకు ఈ పట్టికనే వాడినది. అయినను ప్రముఖ బ్రౌజర్లు దీనిని తమలో చేర్చుకొనలేదు. కావుననే ఇంత ప్రయోజనము గల ఏర్పాటు సామాన్యులకు తెలియక యున్నది.

6. వేగము యొక్క లెక్క

ఇప్పుడు మా కళాశాల వంటి చోటును ఉదాహరణగా తీసికొని లెక్క చూతము. లైను వేగము సెకనుకు 40 మెగాబిట్లు. ఫైలు 4 గిగాబైట్లు, అనగా 32,000 మెగాబిట్లు. మూడు కేంద్రములు క్రమముగా 4, 6, 10 మెగాబిట్ల వేగమున ఇచ్చుచున్నవనుకొందము.

మొదటి కేంద్రమును మాత్రమే నమ్ముకొన్నచో 8,000 సెకనులు, అనగా 2 గంటల 13 నిమిషములు పట్టును. మూడింటికిని ఫైలును సమానముగా మూడు భాగములు చేసి పంచినచో, మందకొడి కేంద్రము తన వంతు ముగించుటకు దాదాపు 2,667 సెకనులు, అనగా 44 నిమిషములు తీసికొనును. తక్కిన రెండును ముందే పని ముగించుకొని ఊరకుండును. ఇది సరియైన పంపకము కాదు. ఫైలును నాలుగేసి మెగాబైట్ల చొప్పున వేయి తునకలు చేసి, చేతిలోని తునకను ముగించిన కేంద్రమునకు తరువాతి తునకను అప్పగించుచు పోయినచో మూడింటి వేగమును కలిసి 20 అగును. 1,600 సెకనులలో, అనగా 27 నిమిషముల లోపున పని ముగియును. వరినాట్లలో ముగ్గురు కూలీలకు మడిని మూడు సమభాగములు చేసి గట్లు వేయుట కంటె, ముందుగా ముగించినవారు ప్రక్క సాలు అందుకొనుట మేలు గదా! నాట్లు తెలిసిన రైతునకు ఈ సూత్రము వేరుగా బోధింప నక్కరలేదు.

దీనికి తోటివారి గుంపునుండి మరి 20 మెగాబిట్లు తోడైనచో మొత్తము 40 అగును. అప్పుడు 800 సెకనులు, అనగా 13 నిమిషములు చాలును. ఇంతకుమించి కేంద్రములను చేర్చినను లాభములేదు. మన లైనే నిండిపోయినది. కుండ మూతి యెంతో నీరు అంతియే పట్టును. అనవసరముగా ఇరువది కేంద్రములను ఒక్కమారు తట్టుట, దానముగా నడుచుచున్న ఆ సంస్థలకు భారము కలిగించుటయే యగును. కావున రెండు మూడు కేంద్రములతో తృప్తిపడుట మర్యాద.

ముప్పది కంప్యూటర్ల లెక్క మరింత ఆలోచింపదగినది. ప్రతి యంత్రమును వేరుగా బయటినుండి తెచ్చుకొన్నచో 120 గిగాబైట్లు మన లైనుగుండ రావలెను. లైను పూర్తిగా మనకే దొరికినను 24,000 సెకనులు, అనగా 6 గంటల 40 నిమిషములు పట్టును. అదే ఒక్క ప్రతిని బయటినుండి తెచ్చి, తక్కిన యిరువదితొమ్మిదియు గదిలోని నెట్‌వర్కు ద్వారా తమలో తాము తునకలు పంచుకొన్నచో బయటి లైనుపై భారము 4 గిగాబైట్లే. ఈ ఆలోచన ఉచిత సాఫ్ట్‌వేరు వారిదే కాదు. మైక్రోసాఫ్ట్ సంస్థ కూడ 2015లో విండోస్ 10తో పాటు, ఒకే నెట్‌వర్కులోని కంప్యూటర్లు మార్పుల ఫైళ్లను పరస్పరము పంచుకొను ఏర్పాటును ప్రవేశపెట్టినది.

7. నమ్మకము యొక్క లెక్క

వేగము కంటె ముఖ్యమైనది నమ్మకము. పలుచోట్లనుండి, ముఖమెరుగని వారినుండి తునకలు తెచ్చుకొనునపుడు ఏదో యొకటి చెడియుండుటకు అవకాశము హెచ్చు. పంపు మార్గములో సామాన్యముగా ఉండు తనిఖీ 16 బిట్ల చిన్న సంఖ్య మాత్రమే. లోపములన్నిటిని అది పట్టజాలదు. బుద్ధిపూర్వకముగా చేసిన మార్పును అసలే పట్టజాలదు. అందుచేత సంకేత ముద్ర అవసరమగుచున్నది. నేడు విరివిగా వాడబడు షా-256 ముద్ర 64 అక్షరముల పొడవు గలది.

మొత్తము ఫైలునకు ఒక్కటే ముద్ర ఉన్నచో అది చెడినదని మాత్రము తెలియును. ఎక్కడ చెడినదో తెలియదు. 4 గిగాబైట్లను పారవైచి మరల తెచ్చుకొనవలెను. తునకకొక ముద్ర యున్నచో చెడిన 4 మెగాబైట్లను మాత్రము వేరొక చోటినుండి తెచ్చుకొనిన చాలును. ఏ కేంద్రము చెడు తునకను ఇచ్చినదో కూడ తెలియును గాన దానిని విడిచిపెట్టవచ్చును. ఎవరినుండి తెచ్చుకొన్నను భయము లేకుండుటకు ఆధారము ఈ తునకల ముద్రయే. మా ప్రయోగశాలలో మూడు రాత్రుల శ్రమ వ్యర్థమగుటకు కారణము, అన్ని తునకలలో ఒక్కటి చెడుటయు, దానిని కనుగొను ప్రయత్నము చేయకుండుటయు.

కాని యిక్కడ ఒక సూక్ష్మమున్నది. ముద్ర యెవరు చెప్పినది? నూరు తాళపత్ర ప్రతులు ఏకముగా ఒక పాఠమును చూపినంత మాత్రమున అది కవి పాఠము కానక్కరలేదు. నూరును ఒకే తప్పు ప్రతికి పిల్లలై యుండవచ్చును. అట్లే ఫైలును, ముద్రను ఒకే పుటలో ఉంచినపుడు ఆ పుటను చేజిక్కించుకొన్న దొంగ రెండింటిని మార్చగలడు. 2016 ఫిబ్రవరి 20వ తేదీన లినక్స్ మింట్ వెబ్‌సైటులో జరిగినది ఇందుకు నిదర్శనము. చొరబాటుదారులు ఆ పుటలోని దిగుమతి లంకెను మార్చి, దొంగదారి అమర్చిన నకిలీ ఫైలునకు దానిని త్రిప్పిరి. ఆ దినమున 17.3 సిన్నమన్ సంచికను ఆ లంకె ద్వారా తెచ్చుకొన్నవారు మోసపోయిరి. టొరెంట్ ద్వారా తెచ్చుకొన్నవారికి మాత్రము ఈ హాని కలుగలేదని నిర్వాహకులే ప్రకటించిరి. తునకల ముద్రలను తనలోనే మోయు పద్ధతికి ఇది మంచి సాక్ష్యము. అయినను దొంగలు టొరెంట్ ఫైలును కూడ మార్చియున్నచో? అందుకే ముద్రపైన డిజిటల్ సంతకము ఉండవలెను. సంతకపు రహస్య తాళము వెబ్‌సైటులో నుండదు. ప్రకటించువారి వద్ద వేరుగా నుండును. పుటను దోచినవాడు సంతకమును దోచలేడు.

డెబియన్ వారి ఏర్పాటు ఈ విషయమున ఆదర్శప్రాయము. వారు మొదట ఒక చిన్న పత్రమునకు సంతకము చేయుదురు. ఆ పత్రములో ప్యాకేజీల పట్టిక యొక్క ముద్ర యుండును. ఆ పట్టికలో ఒక్కొక్క ప్యాకేజీ ముద్ర యుండును. ఇట్లు గొలుసుకట్టుగా నమ్మకము సంతకము నుండి చిట్టచివరి ఫైలు వరకు ప్రాకును. నడుమ ఏ కేంద్రమునుండి ఫైలు వచ్చినను చింతలేదు. పాత నకలును క్రొత్తదని చూపి మోసగింపకుండ కొన్ని పత్రములపై గడువు తేదీ కూడ వేయుదురు.

ముద్రలును శాశ్వతములు కావు. బిట్‌టొరెంట్ తొలుత వాడిన షా-1 ముద్రను 2017లో గూగుల్ సంస్థయు, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సి.డబ్ల్యు.ఐ. పరిశోధన సంస్థయు కలిసి ఛేదించినవి. వేరువేరు రెండు పత్రములకు ఒకే ముద్ర వచ్చునట్లు చేసి చూపిరి. బిట్‌టొరెంట్ రెండవ రూపము షా-256కు మారినది. తాళము పాతబడినపుడు మార్చుకొనుట గృహస్థధర్మము.

సరిచూచుట యొక యెత్తు. చూచినదానిని బట్టి నడచుకొనుట మరియొక యెత్తు. కర్ల్ అను ప్రసిద్ధ సాధనము మెటాలింక్‌ను చదువగలిగియుండెను. 2021లో దానియందు ఒక లోపము బయటపడినది. ముద్ర సరిపోలనపుడు ఆ సంగతిని మాటలలో తెలిపి, చెడు ఫైలును తొలగింపక డిస్కులోనే ఉంచెడిది. ఆ యేడు జూలైలో నిర్వాహకులు మెటాలింక్ సదుపాయమునే దానినుండి తొలగించిరి. కావలివాడు "దొంగ, దొంగ" యని అరచి తలుపు తెరిచియుంచిన ఫలమేమి? సరిపోలని ఫైలు చేతికి చిక్కకుండ చేయుటయే నిజమైన తనిఖీ.

8. విద్యార్థులకు సూచనలు

పై చర్చ నుండి మనము ఆచరింపదగినవి కొన్ని గలవు.

మొదటిది, పెద్ద ఫైలును తెచ్చుకొనునపుడు తెగినచోటినుండి కొనసాగింపగల సాధనమునే వాడవలెను. మన ఊళ్లలో కరెంటును, లైనును నమ్మి కూర్చుండరాదు.

రెండవది, ప్రకటించినవారు టొరెంట్‌ను గాని మెటాలింక్‌ను గాని ఇచ్చినచో దానినే ఎంచుకొనవలెను. కేంద్రములు, గుంపు రెండును కలిసి వచ్చునపుడు ఒకటి ఆగినను పని ఆగదు.

మూడవది, ఫైలు దిగిన వెంటనే ముద్రను సరిచూడవలెను. లినక్సులో షా256సమ్ అను ఆజ్ఞయు, విండోస్‌లో సర్ట్‌యుటిల్ అను ఆజ్ఞయు ఇందుకు ఉపకరించును. 64 అక్షరములలో మొదటి నాలుగు, చివరి నాలుగు చూచి ఊరుకొనరాదు. మొత్తమును పోల్చవలెను. సంతకమున్నచో దానిని కూడ సరిచూడవలెను.

నాల్గవది, సెల్‌ఫోను డేటాపై ఆధారపడిన విద్యార్థులు జాగ్రత్త వహింపవలెను. తోటివారి పంపకములో ఇచ్చుటకును డేటా ఖర్చగును. పంపు వేగమునకు హద్దు పెట్టుకొని, ఫైలు అందిన పిదప వైదొలగవచ్చును. కళాశాల లైను తీరికగా నున్నపుడు కొంతసేపు గుంపులో నిలిచి తిరిగి ఇచ్చుట న్యాయము.

ఐదవది, పంచుటకు అనుమతి గల ఫైళ్లను మాత్రమే పంచవలెను. లినక్సు వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు యొక్క అనుమతి పత్రమే మనకు నకలు చేసి ఇరుగుపొరుగులకు ఇచ్చు హక్కును ప్రసాదించుచున్నది. అట్టి హక్కులేని చలనచిత్రములను, గ్రంథములను ఇదే మార్గమున పంచుట నేరము. కత్తి కూరలు తరుగుటకును పనికివచ్చును, మెడ కోయుటకును పనికివచ్చును. దోషము కత్తిది కాదు.

ఆరవది, ప్రయోగశాలలో ఒకరు తెచ్చిన ప్రతిని అందరును పంచుకొనవలెను. ముద్ర సరిపోలిన ఒక్క ప్రతి ముప్పది యంత్రములకు చాలును.

ముగింపు

మిత్రులారా! వేగము కావలెనన్నచో పలువురి సాయము కావలెను. పలువురిని ఆశ్రయించినపుడు నమ్మకమునకు ఆధారము కావలెను. మొదటిదానికి ప్రతిబింబ కేంద్రములును, తోటివారి గుంపును కలిసి సమాధానము చెప్పినవి. రెండవదానికి సంకేత ముద్రయు, సంతకమును సమాధానము చెప్పినవి. వీనిలో ఏ ఒక్కటి లోపించినను ఏర్పాటు కుంటుపడును. ముద్ర లేని వేగము ప్రమాదము; వేగము లేని ముద్ర నిరుపయోగము.

ఆనాడు ఆ విద్యార్థిని అడిగిన ప్రశ్న మా ప్రయోగశాల తలుపుపై నేటికిని ఉర్దూ, తెలుగు లిపులలో వ్రాయబడియున్నది: "ఫైలు సరిగ్గా దిగిందో లేదో చూశామా?" మరుసటి యేట ఆమెయే ముందు నిలిచి ఆ ముప్పది యంత్రములలోను వ్యవస్థను ఒక్క మధ్యాహ్నములో నెలకొల్పినది. అంతకుముందటి సంచికలో చోటు దొరకని ఆ పదునొకండు రచనలు ఆ యేటి సంచిక మొదటి పుటలలోనే అచ్చయినవి. వానిని రచించినవారిలో నలుగురు అప్పటికే చదువు ముగించి వెడలిపోయిరి. వారికి ప్రతులను తపాలాలో పంపితిమి. అందినట్లు ముగ్గురు వ్రాసిరి. నాల్గవవానికి మరియొక ప్రతి పంపవలసియున్నది.